ముట్టుకుంటే రాయాలి

ఆ గదిలో అందరికీ దేవుడంటే భక్తి, రిజిస్టరంటే భయం.

గన్‌ఫౌండ్రీ బ్యాంకుల వెనక సందులో, యూనివర్సిటీ వాళ్ళ పాత ఇంజినీరింగ్ కాలేజీ మేడ మీద, ప్లాస్టిక్ తెరలతో చిన్న గుడారంలాంటిది కట్టి అందులో ఉపగ్రహం తయారు చేస్తున్నారు పిల్లలు. ఉపగ్రహమంటే టీవీలో చూపించేంత పెద్దదేమీ కాదు. జానెడు కూడా లేని చదరపు డబ్బా, కేజీ బరువు. పేరు చినుకు. పొలాల్లో పాతిన వాన కొలిచే గొట్టాలు పంపే లెక్కల్ని పైనుంచి అందుకుని కిందికి చేరవేయడం దాని పని. ఈ మాత్రానికి రెండేళ్ళు పట్టింది.

తెర పక్కన బల్ల మీద నల్ల అట్ట రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. గోడ మీద ప్రొఫెసర్ భావనారాయణ గారి గుండ్రటి దస్తూరీలో ఒకే వాక్యం: ముట్టుకుంటే రాయాలి. తేదీ, టైము, పేరు, చేసిన పని, చూసినవారి సంతకం. స్క్రూ బిగించినా రాయాలి, దుమ్ము తుడిచినా రాయాలి. ఒకసారి సారు గారి కళ్ళజోడు జారి డబ్బా మీద పడబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. చిటికెనవేలు డబ్బాకి తగిలిందని అది కూడా రాసుకున్నారు. ఆ వాక్యం కింద, ముట్టుకోవడానికి అనుమతి ఉన్నవాళ్ళ పేర్లు నాలుగు. భావనారాయణ, సాయిచైతన్య, మేఘన, రాణి.

రాణి డిప్లొమా చదివి నేరుగా రెండో సంవత్సరంలో చేరిన పిల్ల. మాటల్లో వెనక, చేతుల్లో ముందు. వెంట్రుకంత తీగని కూడా సాల్డరింగ్ ఐరన్‌తో వంకర లేకుండా అతికిస్తుంది. చినుకు లోపల ఉన్న డెబ్బై రెండు తీగల్లో అరవై పైచిలుకు ఆమె అతికించినవే. సోమవారం సాయంత్రం కాచిగూడలో రైలెక్కి బెంగళూరులో కుదుపు పరీక్షకి చినుకుని తీసుకెళ్ళే ముగ్గురిలో సారు, టీమ్ లీడర్ సాయిచైతన్యతో పాటు ఆమె పేరు కూడా ఉంది. ఆ కబురు విన్న రోజునే ఇంట్లో సంచి సర్దేసుకుంది.

శుక్రవారం పొద్దున పూజ చేశారు. భావనారాయణ గారు పూజలోనూ పద్ధతి మనిషే. పొగ పడుతుందని అగరుబత్తి వద్దన్నారు. కొబ్బరికాయ వరండాలో కొట్టించారు. ఆయన భార్య కామాక్షి గారు ఇంటి దగ్గర పసుపు తడిపి వెండి గిన్నెలో పంపితే, పూజకి గ్లవ్స్ ఏమిటని అవి తీసేసి, చేతులు కడుక్కుని, చినుకుని బోర్లించి, ఉంగరపు వేలితో అడుగున నాలుగు మూలలా పసుపు పెట్టి దాని మీద కుంకుమ అద్దారు. కొత్త పుస్తకానికైనా కొత్త బీరువాకైనా మనవాళ్ళు అంతే చేస్తారు. రాణి పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడింది. అందరూ కళ్ళకద్దుకున్నాక ఆయనే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో నాలుగు మూలలూ మెరిసేలా తుడిచారు. ఆ తరవాత సాయిచైతన్య గ్లవ్స్ వేసుకుని చినుకుని మాదిరి పెట్టెలో కూర్చోబెట్టాడు. రాకెట్లో అది కూర్చునే పెట్టెకి అది అచ్చు నకలు.

శనివారం చూడడానికి బయటినుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. వాళ్ళ ముందు పెట్టె తలుపు తీశారు. చినుకు మెల్లగా జారి బయటికొచ్చింది. అందరూ మేఘన లాప్‌టాప్ వైపు చూశారు.

"మేఘనా?"

"సిగ్నల్ లేదు సార్."

"ఇంకోసారి చూడు."

"చూశాను సార్. అసలు పవరే ఆన్ కాలేదు."

చినుకు కిందివైపు రెండు మూలల్లో పెసరగింజంత స్విచ్చులు రెండుంటాయి. పెట్టెలో ఉన్నంతసేపూ అవి లోపలికి నొక్కుకుని ఉంటాయి, కరెంటు పారదు. బయటికి రాగానే స్ప్రింగు తోసి టక్కున లేస్తాయి, అప్పుడు చినుకు నిద్ర లేస్తుంది. రెండూ లేవాలి. ఒకటే లేచింది. రెండోది లోపలే కూర్చుంది. బల్ల మీద గనక వేలితో కదిలించొచ్చు. ఐదువందల కిలోమీటర్ల పైన ఇలాగే కూర్చుంటే లేపడానికి ఎవరు వెళతారు?

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని" అని వచ్చిన వాళ్ళలో ఒకాయన నవ్వాడు. భావనారాయణ గారు నవ్వలేదు. బల్ల దగ్గరికెళ్ళి రిజిస్టరు తెరిచి, వేలితో వరసలు దాటుకుంటూ పైకి చదివారు.

"గురువారం, నాలుగు నలభై. రాణి. రెండో స్విచ్ తీగ మళ్ళీ అతికించడం. ఇరవైసార్లు నొక్కి చూడడం. చూసినవారు, సాయిచైతన్య. శుక్రవారం, తొమ్మిది నలభై. సాయిచైతన్య, పెట్టెలో పెట్టడం." ఆయన తలెత్తారు. "నీ తరవాత ఆ స్విచ్ జోలికి ఎవరూ పోలేదమ్మా. ఫ్లక్స్ కారి లోపల గడ్డకట్టింది."

ఫ్లక్స్ అంటే సాల్డరింగ్‌లో వాడే జిడ్డు. వేడికి కరిగి సందుల్లోకి పోతుంది, చల్లారితే బంకలా పట్టేస్తుంది. ఆ సంగతి రాణికి అందరికంటే బాగా తెలుసు.

"కడిగిన సార్. ఇరవైసార్లు నొక్కిన. ప్రతిసారి లేచింది."

"చైతన్యా, చూశావా?"

చూశాడు. గురువారం సాయంత్రం ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని పైకి లెక్కపెట్టాడు కూడా. పంతొమ్మిది దగ్గర "ఇంక చాలు, ఇరవై అని రాసేయ్" అంటే, ఆమె ఒప్పుకోకుండా ఇరవయ్యోది నొక్కింది. ఇప్పుడేమో ఇద్దరు పెద్దలు తన వైపే చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒకసారి చొక్కా సర్దుకున్నాడు.

"సైన్ నాదే సార్. కానీ అంత క్లోజ్‌గా అబ్జర్వ్ చేయలేదు."

రాణి అతని మొహంలోకి చూసింది. అతను లాప్‌టాప్‌లోకి చూశాడు.

భావనారాయణ గారు కేకలేసే మనిషి కాదు. కేకలేసినా బాగుండేది. సొరుగులోంచి స్కేలు తీసి, గోడ మీద నాలుగో పేరు మీద పెట్టి, తిన్నగా ఒక గీత గీశారు. "బెంగళూరుకి మేఘన వస్తుంది" అన్నారు.

మధ్యాహ్నమంతా రాణి తెర బయట నిలబడే ఉంది. లోపల సాయిచైతన్య స్విచ్ విప్పి కొత్తది బిగించాడు. అతికించేటప్పుడు తీగ వంకర పోతుంటే ఆమె వేళ్ళు వాటంతటవే కదిలాయి. పాత స్విచ్‌ని జిప్ కవర్లో వేసి, పైన చీటీ అంటించి, పాడైన భాగాల డబ్బాలో పడేశాడు. తెర అవతలనుంచి కూడా ఆ చీటీ చదవడానికి వీలుగానే ఉంది. రాణి, ఫ్లక్స్. ఆ రెండు మాటలు చూశాక ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సందు దాటి ఆబిడ్స్ సర్కిల్ చేరేసరికి ఆ కోపం కూడా జారిపోయి అంతకంటే పాడు ఆలోచన పట్టుకుంది. నిజంగానే కారిందేమో. తను కడిగాననుకున్నదేమో. రెండేళ్ళలో మొదటిసారి ఆమెకి తన చేతుల మీద అనుమానం కలిగింది.

ఆదివారం ఆబిడ్స్‌లో షట్టర్లన్నీ దించేసి ఉంటాయి, ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలు. ఎప్పుడూ వాటి ముందు గంట నిలబడే పిల్ల ఆ రోజు తలొంచుకుని నడిచింది. చేతిలో తండ్రికి అన్నం డబ్బా. నాంపల్లి స్టేషన్ ఎదుట లాడ్జి గోడ కింద గొడుగు పాతుకుని దుర్గయ్య పదిహేనేళ్ళుగా తాళాలు బాగుచేస్తున్నాడు. ఎండకి రంగు పోయిన గోనెపట్టా, ఆకురాళ్ళు, ఇనప తీగకి గుచ్చిన వందలకొద్దీ తాళంచెవులు. ఆయన పక్కన కూర్చునే రాణి చిన్నప్పుడు స్ప్రింగులు ఏరింది, సన్నపని నేర్చింది.

"ఏంది బిడ్డా, మొహం గట్ల పెట్టినవ్? రేపు బెంగుళూరు గద."

"పోతలేను నాయినా."

ఆయన ఇంకేమీ అడిగేలోపే బట్టల కొట్టు కిషన్ వచ్చి, మడతపెట్టిన రుమాల్లోంచి పెద్ద ఇత్తడి తాళం తీసి గోనెపట్టా మీద పెట్టాడు.

"దుర్గన్నా, జర సూడు. కొని మూడు నెల్లు గాలె. చెవి సగం దాకనే పోతుంది. ఫస్ట్ క్లాస్ తాళమని అంటగట్టిండు వాడు."

దుర్గయ్య తాళాన్ని చెవి దగ్గర ఆడించాడు, ఎండకి పట్టి చూశాడు, బొటనవేలితో దాని మొహం తుడిచాడు.

"శుక్రారం శుక్రారం బొట్టు పెడ్తవా సేటూ?"

"పెట్టకుంటె ఎట్లనే? దుకాణం గద. లచ్చిమి."

"మంచిదే."

ఒక పాత పేపరు ముక్క పరిచాడు. సన్నటి కడ్డీ చెవిరంధ్రంలోకి దూర్చి నాలుగుసార్లు తిప్పి, తాళాన్ని బోర్లించి సుత్తి పిడితో రెండు దెబ్బలు కొట్టాడు. పేపరు మీద ఎర్రటి పొడి రాలింది. తరవాత పసుప్పచ్చటి పెంకులు, కందిబద్దంత ఒకటి, దాని వెనక ఇంకా చిన్నవి.

"సూడు. ఇనుము మంచిగనే ఉన్నది. స్ప్రింగు మంచిగనే ఉన్నది. తడి పసుపు లోపటికి పొయ్యి ఎండితె సిమెంటే. దసరా పోయినంక నాకు పది దినాలు తిండికి పుర్సత్ ఉండది. బొట్టు రేకు మీద పెడితె దేవునికి. బొక్కల పెడితె నా గిరాకి."

కిషన్ పకపకా నవ్వి, ఇంక రేకు మీదనే పెడతానని ఒట్టేసి, తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. రాణి నవ్వలేదు. పేపరు మీద పసుపు పెంకుల్ని వేలితో కదిలిస్తూ ఉండిపోయింది. వెండి గిన్నె, ఉంగరపు వేలు, నాలుగు మూలలు. స్విచ్చులున్నది మూలల్లోనే. సారు పైపైన మెరిసేలా తుడిచారు. సందులోకి దిగిన తడి పసుపు మాత్రం స్విచ్ నొక్కుకుని ఉండగా రాత్రంతా పెట్టెలో ఎండింది. పళ్ళెం పట్టుకున్నది తనే. అయినా తట్టలేదు.

తండ్రికి మొత్తం చెప్పింది. దుర్గయ్య అన్నం కలుపుతూ విన్నాడు.

"మరి గా సారుకు చెప్పరాదు?"

"ఎట్ల చెప్పాలె? పేరు కొట్టేసిండు. ఇప్పుడు నీ పూజతోనే చెడ్డది అంటె గదిలకే రానియ్యడు. మళ్ళ రేపు పొద్దుగాల ఇంకో పూజ చేస్తడంట. మేఘన ఫోన్ చేసింది. మొన్న సరిగ చెయ్యలేదంట, ఈసారి నిదానంగ చేస్తరంట."

"అంటె కొత్తది గూడ పోతది."

"పోతది. బెంగుళూరుల పోతది, లేకుంటె పైకి పోయినంక పోతది."

దుర్గయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, తిని, నీళ్ళు తాగాక అన్నాడు. "నేను ఎవ్వల తాళం తెర్చినా నీది తప్పు అని ఎన్నడు అనలే. లోపట ఏమున్నదో కాయితం మీద పోసి సూపిస్త. గంతే. కండ్లున్నోడు సూస్తడు." కాస్త ఆగి, "రేపు బట్టల సంచి తీస్కపో" అన్నాడు.

"ఎందుకు నాయినా?"

"తాళం తెరుస్త అని పొయ్యేటోడు సామాన్ల సంచి ఇంట్ల ఇడిచిపెట్టి పోతడా?"

సోమవారం పదిగంటలకి ఆమె సంచి భుజాన వేసుకునే మేడ ఎక్కింది. సిగ్గేసి దాన్ని వరండాలో బెంచీ కింద దాచి లోపలికెళ్ళింది. బల్ల మీద వెండి గిన్నె, కుంకుమ భరిణె, పూలు. మందపాటి ఫోమ్ మధ్య గుంట చేసిన అల్యూమినియం పెట్టె ప్రయాణానికి సిద్ధంగా నోరు తెరుచుకుని ఉంది. తెర లోపల భావనారాయణ గారు గ్లవ్స్ తీసి పక్కన పెట్టారు. చినుకుని బోర్లించి, ఉంగరపు వేలు పసుపులో ముంచారు.

"సార్, ఆగండి."

ఆ గదిలో ఆయన్ని ఆగమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. వేలు గాల్లో ఆగింది. ముందు ఆశ్చర్యపోయారు, తరవాత చిరాకు పడ్డారు.

"ఏంటమ్మా? పదీ నలభైకి వర్జ్యం వస్తోంది."

"ఐదు నిమిషాలు సార్. ఆ పాత స్విచ్‌ని ఒక్కసారి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. నేను ముట్టుకోను. మేఘన పెడుతుంది."

"చూసేదేముంది? ఫ్లక్స్ అని తేలిపోయింది కదా."

"ఎవరూ చూడలేదు సార్. అనుకున్నాం, అంతే."

అన్న మాట వెనక్కి తీసుకోలేదు. భావనారాయణ గారికి కోపం వచ్చే మాటే. కానీ చూడకుండా అనుకోవడం అనేది ఆయన జీవితమంతా పిల్లల్ని తిట్టిన తప్పు. గుడ్డతో వేలు తుడుచుకున్నారు. "పెట్టు మేఘనా" అన్నారు.

మేఘన జిప్ కవర్ తెరిచి, పట్టకారుతో స్విచ్ తీసి అద్దం కింద పెట్టింది. లాప్‌టాప్ తెర మీద బొమ్మ పెద్దదైంది. బొత్తం చుట్టూ సన్నటి సందు. ఆ సందు నిండా పసుప్పచ్చటి పెంకు, దాంట్లో అక్కడక్కడా ఎర్రటి రవ్వలు.

"ఫ్లక్స్ కూడా యెల్లో గానే ఉంటది కదా" అన్నాడు సాయిచైతన్య. అతని గొంతులో ధీమా లేదు.

రాణి అందరికీ లాప్‌టాప్ కనిపించేలా పక్కకి జరిగింది. చూసేవాళ్ళు చూస్తారు. భావనారాయణ గారు కళ్ళజోడు పైకి తోసుకుని తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. తరవాత వంగినవారు వంగినట్టే ఉండి, "మేఘనా, చేతులు కడుక్కునే సబ్బు నీళ్ళు ఒక చుక్క తీసుకురా" అన్నారు.

పసుపు మరక పడిన పంచె సబ్బుకి ఎర్రబారుతుందని తెలియని తెలుగువాడు ఉండడు. సూది మొనతో ఒక పసుపు పెంకు తీసి తెల్ల కాగితం మీద పెట్టారు. సబ్బు నీటి చుక్క దాని మీద వేశారు. పెంకు అంచులనుంచి ఎర్రబడుతూ వచ్చి, చూస్తుండగానే ముదురు ఇటిక రంగుకి తిరిగింది.

కింద సందులో ఆటో ఒకటి ఆగకుండా హారన్ కొడుతోంది. రాణికి గెలిచినట్టు అనిపించలేదు. ఆయన మెడ వెనక నెరిసిన జుట్టు చూస్తే జాలేసింది. తన చేతుల మీద అనుమానం పోయింది, అది చాలనిపించింది.

భావనారాయణ గారు నిటారుగా లేచి రిజిస్టరు దగ్గరికెళ్ళారు. గురువారం వరసకీ శుక్రవారం వరసకీ మధ్య జాగా లేదు. పక్క మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాశారు. రాసింది పైకి చదివారు, శనివారం ఎంత గట్టిగా చదివారో అంతే గట్టిగా.

"శుక్రవారం, తొమ్మిది పదిహేను. భావనారాయణ. నాలుగు మూలలా పసుపు, కుంకుమ పెట్టడం. గ్లవ్స్ లేవు. చూసినవారు..." పెన్ను ఆగింది. "ఇదేమిటో నాకు ముట్టుకోవడం అనిపించనే లేదు రాణీ. పూజ కదా అనుకున్నాను."

"నాకూ అనిపించలేదు సార్. పళ్ళెం పట్టుకున్నది నేనే. చూసినవారి దగ్గర నేను పెడతాను సంతకం."

పెట్టింది. సాయిచైతన్య రెండడుగులు ముందుకొచ్చి, "సార్, గురువారం ఇరవై వరకూ నేనే కౌంట్ చేశాను. శనివారం భయపడ్డాను" అని, రాణి వైపు తిరిగి "సారీ రా" అన్నాడు. "ఇరవయ్యోది వద్దన్నది కూడా నువ్వే" అంది రాణి. మేఘన కిసుక్కున నవ్వింది, గది కాస్త తేలికపడింది.

భావనారాయణ గారు స్కేలు తీశారు. గోడ మీద మొదటి పేరు మీద పెట్టి తిన్నగా గీత గీశారు. పిల్లలు ముగ్గురూ "సార్, సార్" అంటున్నా వినిపించుకోలేదు. కింద కొత్తగా రాణి పేరు రాశారు, ముందుకంటే కొంచెం పెద్ద అక్షరాలతో. జిప్ కవర్ మీద చీటీ చింపి, ఇంకోటి అంటించారు. దాని మీద తన పేరు, పసుపు.

"సీటు మాత్రం రాణిదే. తీసుకో సంచి" అంది మేఘన. "బెంచీ కింద దాచింది సార్, నేను చూశాను."

రాణి చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, రిజిస్టర్లో రాసి, తెర లోపలికెళ్ళింది. కొత్త స్విచ్‌ని ఇరవైసార్లు నొక్కింది. సాయిచైతన్య పైకి లెక్కపెట్టాడు, ఈసారి ఒకటి కూడా మింగలేదు. చినుకుని మాదిరి పెట్టెలో పెట్టి, మళ్ళీ బయటికి జార్చింది. టక్ టక్ మని రెండు చిన్న చప్పుళ్ళు. మేఘన లాప్‌టాప్‌లో బీప్ మొదలైంది. ఎవరో చప్పట్లు కొట్టారు. అది భావనారాయణ గారని రాణి తలెత్తాక తెలిసింది.

చినుకుని అల్యూమినియం పెట్టెలో ఫోమ్ గుంటలో పడుకోబెట్టి మూత వేసి తాళం వేశారు. వర్జ్యం ఎప్పుడో వచ్చేసింది. అయినా వెండి గిన్నె అలాగే ఉంది. ఆయన దాని వైపూ చూశారు, రాణి వైపూ చూశారు.

"పెట్టెకి పెట్టొచ్చా రాణీ?"

డెబ్బై రెండు తీగల్లో ఏ ఒక్కటి అతికించినప్పుడూ కలగని బరువు ఆ ప్రశ్నకి కలిగింది ఆమెకి. రిజిస్టరు తీసి ఆయన వైపు జరిపింది. "రాసి పెట్టండి సార్."

ఆయన బుద్ధిగా రాశారు. తేదీ, టైము, పేరు, పని. రాణి సంతకం చేసింది. ఉంగరపు వేలు పసుపులో ముంచి, కుంకుమ అద్దుకుని, కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటూ ఆయన వేలు పెట్టె మీదికి తెచ్చారు. నలభై ఏళ్ళ అలవాటు కదా, వేలు నేరుగా తాళం మీదికే వెళ్ళింది.

"సార్, సార్! తాళం మీద వద్దు."

కళ్ళు తెరిచారు. వేలికీ తాళంచెవి రంధ్రానికీ మధ్య అంగుళం ఉంది.

"మా నాయిన తిడతడు సార్" అంది రాణి.

సంగతేమిటో ఆయనకి అర్థం కాలేదు గానీ నవ్వొచ్చింది. రెండేళ్ళలో ఆ గదిలో ఆయన అలా నవ్వడం ఎవరూ వినలేదు. నవ్వుతూనే వేలు పక్కకి జరిపి, మూత నడిమధ్యన, ఒట్టి రేకు మీద, గుండ్రంగా బొట్టు పెట్టారు.